కలుపుకునేవి రెండు, నంజుకునేవి రెండు: చిన్న చిన్న వంటకాలతో నిండు భోజనం

తిరుపతిలో కాపురముంటే చుట్టాలకు కొదవుండదు. కొండకు పోయే ప్రతి బంధువూ మన గడప తొక్కి పోవాల్సిందే, తొక్కకుండా పోతే మనకే చిన్నతనం. చిక్కేమిటంటే వాళ్లు ఏ వేళకు వస్తారో వాళ్లకే తెలియదు. ఎనిమిదింటికే దర్శనం అయిపోవచ్చు, మధ్యాహ్నం మూడైనా ఇంకా కంపార్టుమెంటులోనే కూర్చుని ఉండొచ్చు. "వదినా, దర్శనం బాగా అయింది, బస్సెక్కేసినాము, నలుగురం వస్తా ఉండాము" అని ఫోనొచ్చాక మన చేతిలో ఉండేది గంట, మహా అయితే గంటంబావు.

ఆ గంటలో ఘనమైన కూర ఒకటి మొదలుపెట్టి దాని చుట్టూ భోజనం కడదామంటే కుదరదు. ఫ్రిజ్ తెరిస్తే ఉండేది గుప్పెడు బీన్సు, రెండు ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు), సగం కట్ట సిర్రాకు (తోటకూర), నిన్నటి ఊరిబిండి (వేరుశెనగల రోటిపచ్చడి), గిన్నెడు పెరుగు. దేన్ని చూసినా పక్కన వేసుకునేదే తప్ప భోజనం అనిపించదు. అయినా వాటితోనే విస్తరి నిండుతుంది. ఎలా నింపాలో 19 ఏళ్లుగా ఈ వంటింట్లో తప్పులు చేసి, మా అత్తతో మాటలు పడి నేర్చుకున్నాను. అదే ఇక్కడ వరసగా చెప్తాను.

ముందు గిన్నెలను రెండు జట్లు చేయండి

హోటల్ మెనూల్లో పెద్ద వంటకం ఒకటి, దాని పక్కన చిన్నవి అని రాస్తారు. మన ఇళ్ల భోజనానికి ఆ లెక్క సరిపోదు. అన్నం ఒక్కటీ పక్కనబెడితే తక్కినవన్నీ పక్కవే. వాటిలో తేడా ఒకటే: అది అన్నంలో కలుపుకునేదా, నంజుకునేదా?

పప్పు, పులుసు, సాంబారు, చారు, మజ్జిగపులుసు, పుల్లగూర కలుపుకునేవి. తాలింపులు (కూరగాయల పొడికూరలను మా వైపు అలాగే అంటాం), వేపుళ్లు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఊరగాయ నంజుకునేవి. పచ్చళ్లు, పొడులు, ఊరిబిండి మాత్రం రెండు వైపులా ఆడతాయి. వేడన్నంలో నెయ్యేసి కలిపితే మొదటి ముద్ద అవే, పెరుగన్నం దగ్గర మళ్లీ నంజుకోడానికీ అవే. ఇంట్లో ఊరిబిండి ఉంటే సగం భోజనం ఉన్నట్టే అని నేననేది అందుకే.

చేసిన వంటలు బాగానే ఉన్నా భోజనం తేలిపోయిందంటే, నూటికి తొంభైపాళ్లు కారణం ఈ జట్లు తప్పడమే. బీన్స్ తాలింపు, ఉర్లగడ్డ వేపుడు, కాకరకాయ వేపుడు, అప్పడం: నాలుగూ కష్టపడి చేసినవే, కానీ అన్నం గొంతు దిగదు. పప్పు, సాంబారు, చారు, మజ్జిగపులుసు: ఇవీ నాలుగే, కానీ పంటికింద ఏమీ తగలదు. తినేవాడికి ఏం తక్కువైందో చెప్పడం రాదు, "చాలమ్మా" అని లేచిపోతాడు.

కాబట్టి లెక్క ఇది. కలుపుకునేవి రెండు, వాటిలో ఒకటి చిక్కగా, ఇంకోటి పల్చగా. నంజుకునేవి రెండు, వాటిలో ఒకటి మెత్తని కూరగాయ, ఇంకోటి కరకరలాడేది. ఆఖరున పెరుగో మజ్జిగో. ఇంతకు మించి ఎన్ని చేసినా శోభే గాని అవసరం కాదు. ఇంతకు తగ్గితే ఏది తగ్గిందో చూసుకుని, అదొక్కటే చేయండి. ఫోనొచ్చిన వెంటనే నేను పొయ్యి వెలిగించను. ఫ్రిజ్ ముందు నిలబడి వేళ్లు మడుస్తాను: చిక్కన, పల్చన, మెత్తన, కరకర, చల్లన. ఏ వేలు మడవకుండా మిగిలిందో దాని వంటే ఆ రోజు నా వంట.

జట్లు కుదిరాక జోడీలు. సాంబారు పక్కన ఉర్లగడ్డ వేపుడు ఉంటే ఇంకేం అడగరు. ముద్దపప్పుకు ఆవకాయా అప్పడమూ తోడు. చారన్నంలోకి కొబ్బరేసిన బీన్స్ తాలింపు గాని, వడియాలు గాని. మజ్జిగపులుసుకు శెనగబేడల (శెనగపప్పు) వడ పడిందంటే పండగే. పెరుగన్నానికి ఊరమిరపకాయ. ఇవి ఎవరో పెట్టిన చట్టాలు కావు. పుల్లగా జారేదాని పక్కన కారంగా నిలబడేది, చప్పగా ఉండేదాని పక్కన ఉప్పగా ఉండేది అంతే. మా చిత్తూరు వైపు వంటిళ్లలో అరవ దేశం గాలి కూడా ఉంటుంది కాబట్టి, బీన్స్, క్యాబేజీ లాంటివి ఉడికించి కొబ్బరి చల్లి దించే పొరియల్ మాకు తాలింపు కిందే లెక్క. సమయం లేనప్పుడు ఆదుకునేది అదే, పది నిమిషాల పని.

అన్నమా, సంగటా?

ఇది తేల్చుకోకుండా కూరల జోలికి పోకండి. అన్నానికి కుదిరే జోడీలు సంగటికి కుదరవు.

సంగటిని నమలరు. ముద్ద తుంచి, పులుసులో ముంచి, మింగుతారు. కాబట్టి సంగటి పక్కన పొడి తాలింపులకు పనిలేదు. జారేదీ, పుల్లగా కారంగా ఉండేదీ కావాలి: పుల్లగూర, వంకాయ బజ్జి (వంకాయ మెదిపి చేసేది), అనపగింజల (చిక్కుడు జాతివి) పులుసు, తినేవాళ్లకైతే నాటుకోడి పులుసు. పక్కన ఊరిబిండి, పచ్చి ఎర్రగడ్డ (ఉల్లిపాయ) ముక్క, చివర మజ్జిగ. కరకరలాడాల్సిన వేలును ఆ ఎర్రగడ్డ ముక్కే మడిచేస్తుంది. చారు పోసుకుని తినేవాళ్లూ ఉన్నారు గాని, నా మటుకు నాకు సంగటికీ చారుకూ పొత్తు కుదరదు.

సంగటి కష్టమని భయపడేవాళ్ల కోసం దగ్గరుండి చూపించినట్టు చెప్తాను. నలుగురికి ఒక గ్లాసు బియ్యం, ఒక గ్లాసు రాగిపిండి, నాలుగు గ్లాసుల నీళ్లు. బియ్యం అరగంట నానబెట్టి, ఆ నీళ్లలో కొద్దిగా ఉప్పేసి, అన్నం మెదిపితే పేస్టయ్యేంత మెత్తగా ఉడికించండి. పైన ఇంకా నీళ్లు తేలుతూ ఉండాలి. అందులో నుంచి ఒక గరిటెడు గంజి తీసి పక్కన పెట్టుకోండి. ఇప్పుడు రాగిపిండిని కుప్పగా పోయండి. కలపొద్దు! కొత్తవాళ్లంతా తప్పు చేసేది ఇక్కడే. పోయగానే తిప్పితే ఉండలు కట్టి, ఎంత గెలికినా విడవవు. గరిటె కాడతో కుప్ప నడిమి దాకా ఒక బొక్క పొడిచి, మూత పెట్టి, సన్న మంట మీద పది నిమిషాలు వదిలేయండి. ఆ బొక్కలోంచి గంజి బుడగలు పైకొస్తాయి, పిండి ఆవిరికి ఉడికి రంగు ముదురుతుంది. పొయ్యి ఆపి, గిన్నెను కాళ్లతో అదిమిపట్టి, రెండు చేతులతో కట్టెను అంచు వెంబడి లోపలికి తోస్తూ తిప్పాలి. గట్టిపడితే దాచిన గంజి. తడిచేత్తో తాకితే అంటుకోకూడదు, అదీ గుర్తు. చేయి తడుపుకుని ముద్దలు చేసి, నెయ్యి రాసిన గిన్నెలో పెట్టండి.

రాగుల గొప్ప అందరూ చెప్పేదే అయినా ఒక్క అంకె చాలు: 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు.

చుట్టాలొస్తే మాత్రం నేను అన్నమే వండుతాను. సంగటి వేడిమీద తినాలి, ఆరితే రాయి. బస్సు కొండ కింద అలిపిరి దగ్గర అరగంట ఆలస్యమైతే ముద్దలు మనల్ని చూసి నవ్వుతాయి.

బలమిచ్చే గిన్నె ఒకటి ఉందో లేదో చూసుకోండి

నోరు మోసపోతుంది గాని కడుపు మోసపోదు. నాలుగు రకాలు కనిపించినా అవన్నీ కూరగాయలే అయితే నాలుగింటికల్లా మళ్లీ ఆకలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 2000 కేలరీల లెక్కన చెప్పే పళ్లెంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉంటాయి. మన విస్తరితో పోల్చి చూస్తే మనకు అన్నం ఎక్కువ, పప్పూ కూరగాయలూ తక్కువ. చిన్న చిన్న వంటకాలు పెంచడం వల్ల నిజంగా వచ్చే లాభం ఇదే, అన్నం తనంతట తానే తగ్గుతుంది.

మాంసకృత్తుల భాగాల్లో బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పుల్లో ఉంటుంది, పప్పుల్లో కొదవయ్యే మెథియోనిన్ బియ్యం ఇస్తుంది. రెండూ ఒకే పూట కడుపులో పడితే చాలు, ఒకే గిన్నెలో ఉండక్కర్లేదు. కాబట్టి పప్పు చేయని రోజు ఇంకోదారిన తెచ్చుకోవచ్చు: ఊరిబిండిలో చెనిక్కాయలు (వేరుశెనగలు), తాలింపులో అలసందలు, సాంబారులో కందిబేడలు, బీన్స్ పొరియల్‌లో గుప్పెడు పెసరబేడలు. 100 గ్రాముల కందిబేడల్లో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులుంటే, చెనిక్కాయల్లో అంతకంటే కాస్త ఎక్కువే. ఊరిబిండిని ఊరగాయలా చిటికెడు పెట్టకండి, గరిటెడు పెట్టండి.

ఊరిబిండి తెలియనివాళ్లకు: పిడికెడు చెనిక్కాయలు దోరగా వేయించి, ఏడెనిమిది ఎండుమిరపకాయలు కొంచెం నూనెలో వేపి, నిమ్మకాయలో సగమంత చింతపండు, నాలుగు తెల్లగడ్డ (వెల్లుల్లి) పాయలు, ఉప్పు. ముందు మిరపకాయలూ ఉప్పూ నూరి, ఆ తర్వాత చెనిక్కాయలు వేసి పలుకు తగిలేలా దంచి, చివర్లో ఒక ఎర్రగడ్డ వేసి కచ్చాపచ్చాగా నలపాలి. మిక్సీలో చేస్తే ఆపి ఆపి తిప్పండి. మెత్తగా రుబ్బితే అది ఇడ్లీ చట్నీ అవుతుంది. ఎర్రగడ్డ వేసింది ఆ పూటకే బాగుంటుంది, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మరుసటి రోజుకు ముగించాలి.

సంక్రాంతి ముందూ వెనకా మా వైపు అనపకాయల కాలం. అప్పుడు ఈ గిన్నె గురించి ఆలోచించే పనే లేదు. గింజలొలిచి, నీళ్లలో బాగా నానబెట్టి, ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే లోపలి పప్పు చటుక్కున గిన్నెలోకి ఎగురుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. అదే పితుకుపప్పు. దాని పులుసు అన్నంలోకీ సంగటిలోకీ ఇడ్లీలోకీ పోతుంది. కిలో కాయలకు వచ్చే పప్పు చూస్తే ఏడుపొస్తుంది, అందుకే చుట్టాలున్నప్పుడు చేటలో పోసి అందరి మధ్యా పెట్టాలి. మాటల్లో పడి వాళ్లే పితికేస్తారు.

పులుపు ఎన్ని గిన్నెల్లో ఉందో లెక్కపెట్టండి

పెళ్లైన కొత్తల్లో మా ఆయన చిన్నాన్న వాళ్లు కొండ దిగి వచ్చారు. మదనపల్లె టమోటాలు చవగ్గా ఉన్న రోజులు. టమోటా పప్పు చేశాను. గోగాకు (గోంగూర) పచ్చడి నూరాను, మా అమ్మ దగ్గర నేర్చుకున్నది కదా, చూపించాలని. మునక్కాయల సాంబారు పెట్టాను. ఇంకా ఉత్సాహం చాలక పచ్చిమామిడికాయ కోసి ఉప్పూకారం వేశాను. దేనికదే నాలుకకు తాకించి చూశాను, అన్నీ బాగున్నాయి! చిన్నమామ పప్పన్నం రెండు ముద్దలు తిన్నాడు, పచ్చడి తాకి వదిలేశాడు, సాంబారు వద్దన్నాడు. "పెరుగుంటే వెయ్యమ్మా" అన్నాడు నెమ్మదిగా. వాళ్లు పోయాక మా అత్త గిన్నెలు సర్దుతూ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "ఏంమే, ఇంట్లో చింతపండంతా ఈపొద్దే అయిపోవల్ల అనుకున్నావా?"

ఏ గిన్నెకాగిన్నె రుచి చూస్తే తప్పు దొరకదు. వరసగా తినాలి. ఇప్పుడు నేను వడ్డించే ముందు ఎడమచేతి అరచేతిలో ఇంత అన్నం పెట్టుకుని, పప్పు, చారు, తాలింపు ఒక్కో చుక్క వరసగా వేసుకుని తింటాను. మూడో దానికి నోరు అలిసిపోయిందంటే ఏదో రెండుసార్లు పడినట్టే.

పులుపు పెద్దపీట ఒక్క గిన్నెకే. ఇంకో దాంట్లో ఉంటే సగం ఉండాలి, అదీ వేరే పులుపయ్యుండాలి. పప్పులో టమోటా పడిందా, చారు మిరియాలతో పెట్టి చింతపండు పేరుకు వేయండి. చారులో చింతపండు గట్టిగా ఉందా, పప్పు సిర్రాకుతోనో బీరకాయతోనో చప్పగా వండండి. గోగాకు పచ్చడి ఉన్న పూట పప్పు ముద్దపప్పే, ఇందులో రాజీ లేదు. మామిడికాయల కాలంలో, బెంగళూరా కాయలు ఇంటింటికీ బుట్టలుగా వచ్చే రోజుల్లో, మామిడికాయ పప్పు చేస్తే చారుకు సెలవిచ్చి మజ్జిగ పోస్తాను.

చేసేశాక తెలిసిందనుకోండి. పప్పులో ఉడికిన బేడలు ఇంకొంచెం మెదిపి కలపండి, చారులో నీళ్లు పోసి చిన్న బెల్లం ముక్క వేయండి, నంజుకునేదాన్ని తియ్యటి వైపుకు తిప్పండి: గుమ్మడికాయ, బీట్‌రూట్, కొబ్బరి పడ్డ క్యాబేజీ. కారానికీ ఇదే సూత్రం, చుట్టాల్లో పిల్లలుంటే ఇంకా జాగ్రత్త. ఉప్పు మాత్రం గిన్నె గిన్నెకూ చేరి మొత్తం మీద ఎక్కువైపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే అంటుంది, అంటే సుమారు ఒక టీచెంచా. ఊరగాయా, అప్పడమూ, ఊరమిరపకాయా మూడూ ఉన్న రోజు పొరియల్‌లో ఉప్పు చప్పిడిగా వేసినా ఎవరూ పట్టుకోలేరు.

నూనె విషయం ఒక్కమాటలో: వేపుడు ఒకటే.

ఒక్క కుక్కరు, గంట సమయం

ఇక అసలు పని. రెండు పొయ్యిలున్న స్టవ్వు, ఒక కుక్కరు, నలుగురు అతిథులు, ఇంట్లో నలుగురు. చేయబోయేవి: సిర్రాకు పప్పు, మిరియాల చారు, బీన్స్ పొరియల్, ఉర్లగడ్డ వేపుడు, అప్పడాలు, పెరుగు. ఎర్రగడ్డ, తెల్లగడ్డ వేయను. కొండ దిగి వచ్చేవాళ్లలో ఆ రోజు అవి ముట్టనివాళ్లు ఎవరో ఒకరుంటారు, అడిగి ఇబ్బంది పెట్టడమెందుకు. శనివారమైతే అసలు చెప్పక్కర్లేదు. అందుకే ఆ పూట ఊరిబిండి కూడా బయటికి రాదు.

ఫోను పెట్టేయగానే చేయాల్సింది చింతపండు నానబెట్టడం. అది మరిచిపోతే చివర్లో వేడినీళ్లతో కుస్తీ. తర్వాత బియ్యం కడిగి నానబెట్టండి. ఒకటింబావు గ్లాసు, అంటే సుమారు 250 గ్రాముల కందిబేడలు కడిగి కుక్కరులో మామూలుకంటే ఒక గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి, పసుపు, చుక్క నూనె వేసి ఎక్కించండి. ఆ ఎక్కువ గ్లాసులోనే కిటుకంతా ఉంది.

రెండో పొయ్యి మీద చిన్న గిన్నెలో ఉర్లగడ్డలు పొట్టుతోనే ముప్పాతిక ఉడికించండి. పచ్చివి వేయిస్తే 25 నిమిషాలు పొయ్యి పట్టుకుంటాయి, ఉడికినవైతే పదిలో ఎర్రగా అవుతాయి. ఈలోగా బీన్సు, సిర్రాకు తరుక్కోండి. ఆకు కడిగాకే తరగాలి.

కుక్కరు దిగాక బేడలు కదపకుండా పైన తేరిన కట్టు రెండు గ్లాసులు ఒంపుకోండి. అది చారుకు. అడుగున ఉన్న బేడల్లోంచి రెండు గరిటెలు తీసి పక్కన పెట్టండి. అది పొరియల్‌కు. మిగిలిన దాంట్లో సిర్రాకు, పచ్చిమిరపకాయలు, రెండు టమోటాలు వేసి ఉడికించి, ఉప్పేసి ఎనిపితే పప్పు. ఒకసారి ఉడికిన బేడలు మూడు గిన్నెల్లోకి పోయాయి, మూడింటి రుచీ వేరు. చిన్న వంటకాలు ఎక్కువ చేయడమంటే వంట మూడింతలు చేయడమని భయపడేవాళ్లు ఈ ఒక్క పని అలవాటు చేసుకోండి చాలు.

కుక్కరు ఖాళీ అవుతూనే అన్నం ఎక్కించండి. పక్క పొయ్యి మీద చారు: చింతపండు పులుసు, ఉప్పు, దంచిన మిరియాలూ జీలకర్రా, కరేపాకు వేసి పచ్చివాసన పోయేదాకా మరిగించి, కట్టు పోసి, నురుగు పైకి లేవగానే దించాలి. తెర్లితే చారు చచ్చిపోతుంది. పప్పులో టమోటా ఉంది కాబట్టి చింతపండు గోలీకాయంత చాలు.

ఇప్పుడు తాలింపు. చిన్న బాణలిలో ఒక్కసారే నూనె కాచి ఆవాలు, ఉద్దిబేడలు (మినప్పప్పు), జీలకర్ర, ఎండుమిరపకాయ, కరేపాకు, ఇంగువ వేసి, చిటపటలాడగానే సగం పప్పు మీద, పావు చారు మీద పోయండి. మిగిలిన పావులో ఆ బాణలిలోనే బీన్సు వేసి, చిలకరించి నీళ్లు, ఉప్పు, మూత. మెత్తబడ్డాక దాచిన బేడలు, తురిమిన కొబ్బరి. మా అత్తకు ఈ ఒకే తాలింపు పద్ధతి నచ్చదు, చారుకు నేతి తాలింపు వేరే పడాలంటుంది. నిజమే, పడితే బాగుంటుంది. చేతిలో పది నిమిషాలుంటే ఆమె మాటే వినండి.

అన్నం దిగిన పొయ్యి మీద ఉర్లగడ్డ ముక్కలు వేయించండి. అప్పడాలు మాత్రం చుట్టాలు చెప్పులు విడిచాకే. ముందే వేయించి డబ్బాలో పెట్టినవి మెత్తబడ్డాయంటే కరకరలాడాల్సిన వేలు మళ్లీ ఖాళీ.

ఎంతెంత

వంటకాలు పెరిగేకొద్దీ ఒక్కొక్కటీ తగ్గించాలి. ఇది తెలిసీ చేయి ఆగదు, మిగిలిపోయేది అందుకే. ఒక్క పప్పూ అన్నమే అయితే మనిషికి 50 గ్రాముల బేడలు పడతాయి. నాలుగు రకాలున్నప్పుడు 30 సరిపోతాయి, పైన చెప్పిన 250 గ్రాములు ఎనిమిది మందికి వచ్చింది ఆ లెక్కనే. బియ్యం మనిషికి 100 నుంచి 125 గ్రాములు. పచ్చి కూరగాయ, అన్ని గిన్నెలూ కలిపి, 150 నుంచి 200 గ్రాములు. దీనిలో ఉర్లగడ్డను లెక్కలోకి తీసుకోకండి, అది కూరగాయ వేషంలో ఉన్న అన్నం. పెరుగు ఎనిమిది మందికి లీటరు, ఎండాకాలమైతే ఇంకో అరలీటరు మజ్జిగ చేసి పెట్టుకోవాలి. కొండ మెట్లు 3,550 ఎక్కినవాళ్లు వస్తే అన్నం కంటే ముందు మజ్జిగే అడుగుతారు, చెంబు నిండా సిద్ధంగా ఉంచండి.

వడ్డించే వరస

తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. తరిగొండ వెంగమాంబ పేరున్న అన్నప్రసాద భవనంలో ఒకసారి కూర్చుని గమనించండి. చక్కెరపొంగలి, పచ్చడి, అన్నం, సాంబారు, రసం, మజ్జిగ. 2025 మార్చి నుంచి వడ కూడా వేస్తున్నారు. చిక్కన, పల్చన, చల్లన అన్నీ ఉన్నాయి, ఎర్రగడ్డా తెల్లగడ్డా లేవు. ఆ వడ రాకముందు అక్కడ కరకరలాడేది లేదని నా లెక్కలో ఒక వేలు ఖాళీగా ఉండేది!

ఇంట్లో విస్తరి వేస్తే ఆకు కొస తినేవాళ్లకు ఎడమచేతి వైపు. పై సగంలో ఎడమ నుంచి ఉప్పు, ఊరగాయ, పచ్చడి, ఆ తర్వాత తాలింపు, వేపుడు. అన్నం కింది సగంలో. నంజుకునేవి ముందు, అన్నం తర్వాత. తిరగేసి చేస్తే అన్నం చల్లారుతుంది, వాళ్లు చేయి పెట్టకుండా చూస్తూ కూర్చుంటారు. అన్నం కూడా ఒక్కసారే కుప్పపోయకండి. పప్పుకు కొంచెం, చారుకు కొంచెం, పెరుగుకు కొంచెం. మొదటి విడతలోనే కడుపు నింపేస్తే చారు దాకా ఎవరూ రారు. పప్పన్నంలో నెయ్యి పడ్డాక పొరియల్, చారుకు వేపుడు, పెరుగుకు ఊరగాయ: పక్కనే నిలబడి మారు వడ్డించేటప్పుడు ఏ దశలో ఏది అయిపోయిందో చూసి అదే అందించాలి. అన్నీ ఒకేసారి అడుగుతూ పోతే వాళ్లు మొహమాటంతో అన్నింటికీ వద్దంటారు.

ఆకుకూర ఉన్న పూట నిమ్మకాయ బద్ద ఒకటి పెట్టడం మరవకండి, ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మరసం పనికొస్తుంది. భోజనం కాగానే కాఫీ మాత్రం కాస్త ఆలస్యంగా ఇవ్వండి. ఆ ఇనుముకు కాఫీ, టీ అడ్డం.

నలుగురన్నవాళ్లు ఆరుగురు దిగితే

దిగుతారు. పప్పును పల్చన చేయకండి, అది పరువు తీస్తుంది. చారులో ఇంకో రెండు గ్లాసుల నీళ్లు, కాసిన్ని మిరియాలు, ఉప్పు సరిచూసి ఒక పొంగు. పెరుగును మజ్జిగ చేసి అల్లం, కరేపాకు, పచ్చిమిరపకాయ దంచి వేయండి. చెనిక్కాయల పొడో కరేపాకు పొడో బయటికి తీయండి, నెయ్యితో పొడన్నం ఒక విడతగా మొదట పడితే పప్పు ఆదా అవుతుంది. అన్నం ఇంకో కుక్కరు. అప్పడాలు ఇంకో ఆరు.

మిగిలినవి

అన్నం గంటల తరబడి పొయ్యి పక్కన వదిలేయకండి. మా ఊరి ఎండలకు రెండు గంటలే గడువు. వెచ్చగా ఉన్న అన్నంలో పెరిగే క్రిములు విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు. వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి ఫ్రిజ్‌లో పెట్టండి. కొబ్బరి పడిన పొరియల్ ఆ రాత్రికే తినేయాలి, అదే ముందు పాడయ్యేది. పప్పూ చారూ తెర్లించి దించి, చల్లారాక లోపల పెట్టండి. రేపటికి పప్పు చిక్కబడుతుంది, చారుకు పదును పెరుగుతుంది. అంటే చిక్కన, పల్చన అనే రెండు వేళ్లూ మడిచిపెట్టినట్టే, రేపు నంజుకోడానికి ఒకటి చూసుకుంటే సరి.

సంగటి మిగిలిన రోజు మాత్రం ఈ లెక్కలేవీ ఉండవు. ముద్దను మజ్జిగలో పిసికి, ఉప్పేసి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగితే అదే టిఫిను. ఆ చెంబు ఎప్పుడూ మా అత్తదే. చుట్టాలడిగినా ఇవ్వదు.